నూకాలు అన్న ఏడు

ఎప్పటి మాటో నన్నడక్కండి. మా అమ్మమ్మకి ఈ కథ చెప్పిన ముసలమ్మకే అది పాత కథ. అప్పుడొక రాజ్యం, రాజ్యానికో రాజు, రాజుకో దివాను, రాజ్యమంతటికీ అన్నం పెట్టే గాదెలు. ఆ గాదెల దగ్గర కుంచంతో వడ్లు కొలిచే మనిషి నూకాలు.

నూకాలు కొలుస్తుంటే చూడాలి! కుంచం ముంచేది, చేత్తో పైన చదునుగా రాసేది, గోనెలో పోసేది. పాట పాడినట్టు లెక్క చెప్పేది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి..." వడ్ల దగ్గర ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అసలే అనరు. ధాన్యలక్ష్మిని ఎదురుగా పెట్టుకుని ఏడవమనడం ఏం మర్యాద? అందరూ గాదె దగ్గరే ఈ పట్టింపు పాటిస్తే, నూకాలు ఎక్కడా వదిలేది కాదు. మనవరాలి వయసడిగితే "ఆరున్నొక్కటి" అనేది. చివరికి దేవుణ్ణి కూడా "ఆరున్నొక్క కొండలవాడా" అని పిలిచేది, పిచ్చితల్లి.

ఇలా ఉండగా మూడేళ్లు వరసగా వానల్లేవు. "గాదెలు తెరవండి, ఇంటికి పది కుంచాలు కొలవండి" అన్నాడు రాజు. మంచివాడే. కాకపోతే గాదెల వైపు తొంగి చూసే అలవాటు లేదు. ఆ చూసేదేదో దివానే చూసేవాడు. అక్కడే వచ్చింది తంటా.

కొలత మొదలయ్యే రోజు పొద్దున్నే దివాను కొత్త కుంచం తెచ్చి నూకాలు చేతికిచ్చాడు. పట్టుకోగానే ఆవిడకి తెలిసిపోయింది. అడుగున దొంగ చెక్క ఉంది. పది కుంచాలు కొలిస్తే సగం వడ్లే పడతాయి. మిగతా సగం దివాను పడవలెక్కి పరరాజ్యం పోతాయి.

"బాబూ, ఇది..." అనబోయింది.

దివాను మూడు మాటలన్నాడు. "నీ ఇంటికి మాత్రం పాత కుంచంతో కొలుచుకో. రాజుగారి దగ్గరికి వెళ్లినా నీ మాట నమ్మేవాడు లేడు. గాదె దగ్గర నీ నోట లెక్క తప్ప ఇంకో ముక్క వచ్చిందా, నాలుక కోయిస్తా."

నూకాలు ఆ కుంచం పుచ్చుకుని గాదె ముందుకొచ్చింది. వరసలో మొదట ఒక తల్లి నిలబడి ఉంది, చంకలో బిడ్డతో. "నూకాలప్పా, నీ సెయ్యి సల్లగుండాల" అంది గోనె పట్టుకుని. ఆ దీవెన విని నూకాలు గుండె చెరువయింది.

కొలిచింది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు..." ఆగింది.

"ఏడు."

వరసంతా నోళ్లు తెరిచింది. దివాను ఉరిమి చూశాడు. "ఏమన్నావే?"

"లెక్కే బాబూ. లెక్క తప్ప ఇంకో ముక్క వొద్దన్నారు కదా తవరు."

ఆరు తర్వాత ఏడు కాదని దివాను ఎలా అంటాడు?

రెండోరోజూ అంతే. ప్రతి గోనెకీ ఆరు దాకా పాట, ఆ పైన "ఏడు". ఇక ఊరుకుంటారా జనం? "నూకాలు ఏడు అందట!" ఊరూరా అదే మాట. "దేవుడి కొండలకే ఆ మాట వాడని మనిషి వడ్ల దగ్గర అందంటే, గాదెలో ఏదో ఉందర్రా!" ఆ మాట రాజు చెవినా పడింది. మొదట పకపకా నవ్వాడు. తర్వాత నవ్వలేకపోయాడు.

మూడోరోజు తనే వచ్చి వరస పక్కన నిలబడ్డాడు. నూకాలు కొలుస్తోంది. "...అయిదు, ఆరు, ఏడు." ఈసారి కన్నీటి బొట్టు వడ్లలో పడింది.

"ఏం నూకాలూ, నీ నోట ఆ మాటేమిటి?" అన్నాడు రాజు.

నూకాలు కుంచం బోర్లించి వడ్లు కిందికి వొంపేసింది. ఖాళీ కుంచం రాజు చేతిలో పెట్టింది. రాజు బయట కొలిచాడు, జానెడు. లోపల కొలిచాడు, అందులో సగమే. అడుగున ఒక్క గుద్దు గుద్దితే చెక్క ఊడి చేతిలోకొచ్చింది. దివాను మొహంలో నెత్తురు చుక్క లేదు.

రాజు దివాను పదవి ఊడబీకాడు. ఆ చెక్క మళ్లీ బిగించి, ఆ దొంగ కుంచంతోనే బతికినంత కాలం అతనికి బియ్యం కొలిచి పెట్టమన్నాడు. పడవలు వెనక్కి తెప్పించాడు. తక్కువ పడ్డవాళ్లందరికీ మళ్లీ కొలవమన్నాడు.

"నీకేం కావాలో కోరుకో" అన్నాడు నూకాలుతో.

"నాలుక మిగిలింది. సాలు మారాజా" అంది నూకాలు.

పాత కుంచం చేతికొచ్చింది. మొదటి గోనె ఆ చంకబిడ్డ తల్లిదే. "...అయిదు, ఆరు..." ఆగింది నూకాలు.

"నవ్వు!" అంది.

నూకాలు పోయి ఎన్ని తరాలయిందో. మిగతా చోట్ల ఆరున్నొక్కటి అంటారు. ఆ వైపు మాత్రం, కొలత సరిగా ఉందంటే, ఆరు తర్వాత కొలిచే మనిషి ఆగుతాడు. చుట్టూ ఉన్న పిల్లాజెల్లా, ముసలీముతకా ఒక్కసారిగా "నవ్వు!" అని అరుస్తారు.

కొలతలో మోసముంటే అరవరు. తగువాడరు. ఎవరో ఒక ఆడమనిషి మెల్లిగా "ఏడు" అంటుంది. ఎంత పెద్ద అధికారి అయినా సరే, ఆ మాట వినగానే కుంచం బోర్లించి చూపించాల్సిందే.