నరహరి మీసాలు

మూతపడ్డ మిల్లు గేటు ముందు ధర్నాకు ఒక్కడే కూర్చుని వచ్చిన సోమవారం నాడు గుండేటి నరహరి నేరుగా మఠానికి వెళ్ళి, చేతిలోని ఎర్రజెండాను గురువు ముందు పడేశాడు.

"సామీ, నాకు సెలవియ్యండి. ఈ ఊరొద్దు, ఈ మనుషులొద్దు."

పోశెట్టి సామి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. తలెత్తి శిష్యుడి ముఖంలోకి చూశాడు.

"చాయ్ తాగినవా?"

"తాగిన. గేటు కాడ వాచ్‌మనే పోసిండు. నేను ధర్నా చేసేది వాని మాలికు మీద. వాడేమో 'పాపం, ఒక్కనివే ఉన్నవ్' అని బిస్కెట్లు గూడ పెట్టిండు."

"మంచోడు."

"వర్గచైతన్యం లేనోడు సామీ!"

"బిస్కెట్లయితే ఉన్నయి గద" అన్నాడు సామి, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ.

ఆ మఠం బొంబాయి వర్లీలో, మిల్లు కార్మికులుండే ఒక పాత చాల్‌లో కింది అంతస్తున ఉంది. రెండు గదులు, ముందు పొడుగాటి వసారా. కరీంనగర్ వైపు నుంచి, నల్లగొండ వైపు నుంచి ఇక్కడి బట్టల మిల్లుల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చిన పద్మశాలీలు దాన్ని పెట్టుకున్నారు. ఆదివారం పూట తత్వాలు పాడుకుని, సామి చెప్పే నాలుగు మాటలు విని, బంతిలో భోంచేసి వెళతారు. ఒకప్పుడు వసారా చాలక వీధిలో ఆకులు వేసేవారు. ఇప్పుడు వసారాలో సగం ఖాళీ.

ఎందుకు ఖాళీ అయిందో నరహరికి కంఠతా వచ్చు. ఈ నగరం ఒంటి మీద మొదటి బట్ట కప్పింది మిల్లులు. ఎనభై రెండులో కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ముగిసిందని ఇవాళ్టికీ ఎవరూ అనలేదు, మిల్లులే ముగిసిపోయాయి. ఆ నేలల మీద అద్దాల మేడలు లేచాయి. నూలు వడికిన చోట షేర్లు అమ్ముతున్నారు. చిమ్నీని మాత్రం కూల్చలేదు. దాని మెడ చుట్టూ రంగుదీపాలు వేలాడదీసి, కింద కాఫీ అమ్ముతున్నారు. మనిషిని చంపినవాడు అతని చెప్పుల్ని గూట్లో పెట్టి అగరొత్తి వెలిగించినట్టుంటుంది ఆ సంబరం.

పనిపోయిన వాళ్ళకు ఆ నేలలోనే ఇళ్ళు కట్టిస్తామన్నారు. అన్నవాళ్ళలో కొందరు చచ్చిపోయారు, విన్నవాళ్ళలో చాలామంది చచ్చిపోయారు. ఈ మఠంవాళ్ళు పనిచేసిన మిల్లు నేలలో ఇంకా ఒక్క ముక్క మిగిలింది. దాని మీద షేర్ల కంపెనీవాళ్ళ కార్లు నిలపడానికి అంతస్తుల మీద అంతస్తులు కడతారట. వచ్చే సోమవారమే భూమిపూజ. ముసలివాళ్ళు వచ్చి గేటు ముందు కూర్చుంటే ఆగుతుంది. కూర్చోకపోతే ఇక అడగడానికి గజం నేల కూడా ఉండదు.

నరహరి తండ్రి కూడా ఆ మిల్లులోనే సాంచాలు నడిపాడు. ఇల్లు వస్తుందని చూస్తూ చూస్తూనే పోయాడు. అందుకని నరహరి ఆర్థికశాస్త్రం చదివాడు. నగర చరిత్ర మీద పెద్ద పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. మీసాలు పెంచాడు. లైబ్రరీ గోడ మీద పటాల్లో ఉన్న మహనీయులందరికీ గుబురు గడ్డాలు, గుబురు మీసాలు. నరహరికి గడ్డం అక్కడక్కడే మొలిచింది కానీ ఆ లోటంతా మీసాలు తీర్చాయి. పై పెదవిని దాటి కింది పెదవి మీద గుడిసె చూరులా వాలాయి. అన్నం తినేటప్పుడు వాటిని పక్కకు జరిపి ముద్ద లోపలికి పంపేవాడు.

వరుసగా కొన్ని ఆదివారాలు అతను బంతికి ముందు ఉపన్యాసమిచ్చాడు. ముసలివాళ్ళకు చెవులు మందమని తెలుసు కనుక మైకు అద్దెకు తెచ్చాడు. వాళ్ళు కదలకపోతే మరుసటి వారం ఇంకా పెద్ద స్పీకరు డబ్బా తెచ్చాడు. మైకును నోటికి ఆనించుకుని, అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తి ఆగిపోయిన దగ్గర ఎత్తుకునేవాడు. అక్కడి నుంచి ఓడలు, దళారులు, మిల్లులు, సమ్మె, ద్రవ్య పెట్టుబడి. వసారా కిటికీలు దడదడలాడేవి. పై అంతస్తులో పసిపిల్లలు లేచి ఏడ్చేవారు. ముసలివాళ్ళు చక్కగా తలలూపేవారు. చివర్లో వాళ్ళలోని ముసలమ్మ అంకం లచ్చవ్వ వచ్చి అతని తల నిమిరి మెటికలు విరిచేది. తర్వాత పచ్చిపులుసు పోసుకుని తిని, ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవారు.

సోమవారం గేటు దగ్గరకు ఒక్కరూ రాలేదు.

"వీళ్ళు చచ్చిన శవాలు సామీ" అన్నాడు నరహరి. "పోగొట్టుకునేది సంకెళ్ళే అని చెప్పిన. తలూపిండ్రు. చరిత్ర మిమ్మల్ని పిలుస్తున్నదన్న. దానిగ్గూడ తలూపిండ్రు. వీళ్ళతోని విప్లవం కాదు. నేను తప్పేం చేసిన్నో చెప్పండి, లేకుంటే సెలవియ్యండి."

సామి చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. ప్రతి మాటా నోరారా, తాపీగా, ఎదుటివాడి ముఖంలోకి చూస్తూ చెబుతాడు. రోజూ పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుంటాడు. అన్నీ విడిచిన గురువుకు ఇదేం సోకు అని నరహరి లోలోపల అనుకునేవాడు.

"మీసం తీయించుకొని రా" అన్నాడు సామి.

"ఏంది సామీ?"

"మీసం. తీయించుకొని రా. సెలవు సంగతి ఆదివారం చూద్దాం."

నరహరి ఆ వారమంతా కుమిలిపోయాడు. ఇది అహంకారం మీద దెబ్బ అని అర్థమైంది. ఫ్యూడల్ గురువులు అనాదిగా చేసే పనే. శిష్యుడి ఆత్మగౌరవాన్ని గొరగడం. నిరాకరించాలనుకున్నాడు. తర్వాత ఇది త్యాగమనుకున్నాడు. ఉద్యమం ప్రాణాలడిగితే ఇస్తానన్నవాడు వెంట్రుకలు ఇవ్వలేడా? శనివారం సాయంత్రం ఉరికంబం ఎక్కుతున్నవాడిలా మంగలి కుర్చీ ఎక్కి కళ్ళు మూసుకున్నాడు.

"చివర్లు కత్తిరించాలా?" అన్నాడు మంగలి.

"సమూలంగా!" అన్నాడు నరహరి.

మంగలికి ఆ మాట తెలియక, గోడ మీద హీరో బొమ్మ చూపించి "అలాగా?" అన్నాడు.

ఆదివారం వసారాలో ముసలివాళ్ళు అతన్ని చూసి మొదట గుర్తుపట్టలేదు. లచ్చవ్వ దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఓరి, గుండేటోళ్ళ పోరడే! నోరుందే వీనికి!" అంది.

నరహరి ఆ అవమానాన్ని కూడా ఉద్యమానికి రాసిచ్చాడు. మైకు నోటికి ఆనించుకున్నాడు.

"కామ్రేడ్స్! అమెరికా అంతర్యుద్ధం..."

డబ్బా బొయ్యిమంది. సామి లేచాడు. నెమ్మదిగా గోడ దగ్గరకు నడిచి, ప్లగ్గు పీకి, దాన్ని చేతిలోనే పట్టుకుని తిరిగొచ్చి కూర్చున్నాడు.

నరహరికి ఒళ్ళు మండింది. ఆఖరికి గురువు కూడా గొంతు నొక్కేవాళ్ళలో చేరిపోయాడు! మైకు కింద పారేశాడు. రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి అరిచాడు.

"రేపు వాళ్ళు మన జాగ గుంజుకుంటరు! మీరు ఇట్లనే కూసొని పచ్చిపులుసు తాగుండ్రి!"

వసారా అంతా ఒక్కసారిగా తలూపడం ఆపేసింది.

ముందు వరసలో ఉన్న దూస రాజమౌళి మోకాళ్ళ మీద చేతులానించి ముందుకు వంగాడు. ఆ మిల్లులో అందరికంటే ఎక్కువ కాలం సాంచాల మీద ఉన్నది ఆయనే.

"ఇన్ని దినాలకు నీ మాట కనవడ్డది బిడ్డా" అన్నాడు. "మళ్ళ చెప్పు. ఏం జాగ?"

"కనబడుడేంది తాతా?"

"సాంచాల నడుమ చెవులతోని ఇనేటోడెవడు? ఆ మోతల పక్కన పిడుగు పడ్డా ఇనరాదు. పెదువులు చూసే మాట్లాడుకుంటిమి. చెవులు అక్కన్నే పాయె, కండ్లు మిగిలినయి. నువ్వేమో మీసాలు అడ్డం పెడితివి. మీసాలు చాలవని ఆ నల్లటి గుండు గూడ అడ్డం పెడితివి."

"మరి తలెందుకు ఊపిండ్రు?"

లచ్చవ్వ బుగ్గలు నొక్కుకుంది. "బువ్వకు ముందు చెప్పేది దేవుని ముచ్చటే గద అనుకున్నం. దేవునికి తలూపకుంటే పాపం గాదా?"

నరహరి చప్పున గోడకు ఆనుకున్నాడు. చిన్నప్పుడు నాన్న మాటిమాటికీ గడ్డం కింద చెయ్యిపెట్టి ముఖం తనవైపు తిప్పుకునేవాడు. "ఇటు తిరిగి చెప్పు కొడుకా" అనేవాడు. అబద్ధం ఆడుతున్నానేమోనని పట్టి చూస్తున్నాడనుకునేవాడు నరహరి. కాలేజీకి పోయి మీసాలు పెంచాక నాన్న ఆ మాట అనడం మానేశాడు. ఏది చెప్పినా తలూపేవాడు. పోయేదాకా అలాగే తలూపాడు.

సామి చేతిలో ప్లగ్గు తిప్పుకుంటూ అతనివంకే చూస్తున్నాడు. 

నరహరి గొంతు సవరించుకున్నాడు. అది అనవసరమని వెంటనే తోచింది. రాజమౌళి ముందు కింద కూర్చుని, ముఖం ముఖానికి ఎదురుగా పెట్టి, తాపీగా మొదలుపెట్టాడు.

"ద్రవ్య పెట్టుబడిదారీ వ్యవస్థ..."

రాజమౌళి తల అడ్డంగా ఊపాడు. "ఊహూ. అది దొరకలే."

"ఉత్పత్తి సంబంధాలు..."

"దొరకలే."

"అదనపు విలువ?"

"నాయనా, మా నోట్లె ఎన్నడు తిరగని మాట మా కండ్లకు ఎట్ల దొరుకుతది? మేం పలికిన మాట పలుకు."

నరహరి పెద్ద పుస్తకమంతా మనసులో తిరగేశాడు. పత్తి ఓడలు ఒక్కొక్కటే మునిగిపోయాయి. చాలాసేపటికి అన్నాడు.

"మన మిల్లు జాగ. ఒక్క ముక్కే మిగిలింది. రేపు పొద్దున భూమిపూజ చేస్తరు. మనకు ఇండ్లు రావిగ. మనం పోయి గేటు ముంగట కూసోవాలె."

రాజమౌళి వెనక్కి తిరిగి, గొంతు లేకుండానే ఆ మాటలను వెనక వరసకు పెదవులతో అందించాడు. వాళ్ళు ఆ వెనక వాళ్ళకు అందించారు. వసారా పొడుగునా చప్పుడు లేకుండా మాట పాకిపోయింది. సాంచాల మధ్య సమ్మె కబురు కూడా ఒకప్పుడు ఇలాగే పాకి ఉంటుందని నరహరికి అనిపించింది. అతని పుస్తకంలో అది లేదు.

లచ్చవ్వ కొంగు బిగించి లేచింది.

"ఓరి నీ తెలివి తెల్లారిపోను! గింత ముచ్చట కడుపుల పెట్టుకొని ఇన్ని వారాలు మా ముంగట నోరు నములుతవా? పోయిన సోమవారం ఒక్కనివే పోయి కూసున్నవా? ఆ వాచ్‌మన్ ఏమనుకొని ఉంటడు? ఈనికెవ్వరు లేరనుకోడూ?"

"బిస్కెట్లు పెట్టిండు" అన్నాడు సామి.

సోమవారం పొద్దున గేటు ముందు చాపలు పరిచారు. ముసలివాళ్ళు, ముసలమ్మలు, రొట్టెల మూటలు, మందు బిళ్ళలు, ఒక తాంబూలం పెట్టె. సామి కూడా వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. వాచ్‌మన్ నరహరిని చూసి, ఇంతమంది బంధువులున్నారా అన్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు. లోపల అరటిపిలకలు కట్టిన పందిరి కింద పురోహితుడు కూర్చున్నాడు. కంపెనీ పెద్దల కార్లు రోడ్డు మీదే ఆగిపోయాయి.

పోలీసు జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగి, చేతిమైకు నోటికి ఆనించుకుని, వెంటనే లేచి వెళ్ళిపొమ్మని అరిచాడు.

ముసలివాళ్ళు అందరూ అతని వైపు తిరిగి చక్కగా తలలూపారు.

ఇన్‌స్పెక్టరు కాసేపు ఆగాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ అరిచాడు, ఈసారి చట్టం సెక్షన్లతో సహా. మళ్ళీ తలలూపారు. కొందరు చేతులు జోడించారు. లచ్చవ్వ దూరం నుంచే అతనికి దిష్టి తీసి మెటికలు విరిచింది. ఇన్‌స్పెక్టరు చేతిమైకు శబ్దం పెంచాడు. చిమ్నీ మీద పావురాలు లేచిపోయాయి. ముసలివాళ్ళ తలలు ఇంకా భక్తిగా ఊగాయి.

పందిరి కింద పురోహితుడు గడియారం చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. కార్లోని పెద్దమనిషి ఒకాయన కిటికీ అద్దం దించి, ముహూర్తం ఉందా పోయిందా అని సైగ చేశాడు. పురోహితుడు కొబ్బరికాయను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. ఇక ఈ నెలలో ముహూర్తం లేదని చెప్పి చెప్పులు వేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు గొంతు బొంగురుపోయింది. మైకు చంకలో పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ నరహరి దగ్గరికి వచ్చాడు.

"చదువుకున్నవాడిలా ఉన్నావు. వీళ్ళు ఎదురు మాట్లాడరు, తిట్టరు, లేవరు. నేను చెప్పినదానికల్లా ఊ అంటారు. ఎలా చెబితే వీళ్ళకు ఎక్కుతుందయ్యా?"

తెలిసినదాన్ని ఎవరైనా అడిగితే నరహరి ఈ జన్మలో ఊరుకోలేదు. చెయ్యి అలవాటుగా మీసం మీదికి పోయింది. అక్కడేమీ లేదు. ఉపన్యాసానికి నోరు తెరుచుకుంది.

ట్రాఫిక్ రొదకు అవతల, చివరి వరసలో సామి అతని ముఖంలోకే చూస్తున్నాడు. ఆయన పెదవులు కదిలాయి. గొంతు లేదు.

"చెప్పకు."

నరహరి విన్నాడు.