అక్కకు పంపిన లడ్డూలు

ఎలుగుబంటి గురవయ్యది ఏటికి ఇవతలి కొండ, వాడి అక్క గంగులమ్మది అవతలి కొండ. ఏటా దీపావళికి గురవయ్య ఇప్పపూల లడ్డూలు చేసి, తనే మోసుకెళ్ళి అక్కకూ పిల్లలకూ ఇచ్చి వచ్చేవాడు. ఈసారి కాల్లో తుమ్మముల్లు దిగి అడుగు తీసి అడుగు వేయలేకపోయాడు. గంగులమ్మా చంటిపిల్లను వదిలి కదల్లేని స్థితిలో ఉంది.

"నేనున్నాగా గురవయ్యన్నా!" అంటూ వచ్చాడు నక్క కనకయ్య. "బుట్ట ఇటివ్వు. పొద్దెక్కేలోగా అక్క చేతిలో పెడతా."

ఏటి ఒడ్డునే బుట్ట ఖాళీ చేశాడు. మూతి తుడుచుకుని గంగులమ్మ దగ్గరికి వెళ్ళాడు. "నీ తమ్ముడు ఏమీ పంపలేదక్కా. ఎన్నాళ్ళు పెట్టాలి వీళ్ళకి అని విసుక్కున్నాడు."

గంగులమ్మ మొహం మాడిపోయింది. అయినా తమ్ముడి కోసం చేసిన నువ్వుండలు మూటగట్టి ఇచ్చింది. అవీ నక్క పొట్టలోకే పోయాయి. గురవయ్యతో వాడన్నది వేరు: "నీ లడ్డూలు ఏట్లో పారబోసిందన్నా! ఇది మనుషులు, సారీ, ఎలుగులు తినే తిండేనా అంది."

గురవయ్య ఒళ్ళు మండిపోయింది. ముల్లు కాలుతోనే ఏరు దాటాడు. అక్క గుమ్మంలోంచే అరిచాడు.

"పండగపూట నేను పంపింది ఏట్లో పోస్తావా?"

"పంపావా? ఏం పంపావురా? నా పిల్లలు మూడు రోజులుగా మామ లడ్డూలని దారి చూస్తున్నారు! నా నువ్వుండలు తిని కూడా నోరెలా వస్తోంది నీకు?"

"ఏం నువ్వుండలు?"

ఇద్దరూ ఒక్కసారిగా ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కనకయ్య!" అంది గంగులమ్మ పళ్ళు కొరుకుతూ.

మర్నాడు కనకయ్య కుశలం అడుగుతూ గంగులమ్మ దగ్గరికి వచ్చేసరికి గురవయ్య ఆమె గుహ లోపల దాక్కున్నాడు. గంగులమ్మ మూత బిగించి కట్టిన బుట్ట అందించింది. "ఎంతైనా తమ్ముడు కదా. ఇది వాడికే ఇవ్వు. దారిలో విప్పకు."

"అయ్యో, నేనెందుకు విప్పుతానక్కా!"

పొద మాటుకు వెళ్ళీ వెళ్ళగానే విప్పాడు. లోపలున్నది కందిరీగల గూడు. మూతి, చెవులు, కనురెప్పలు దేన్నీ వదల్లేదు అవి. కనకయ్య కేకలు పెడుతూ గంగులమ్మ గుమ్మానికే పరిగెత్తుకొచ్చాడు. ఆ అరుపులకు కుందేళ్ళు, జింకలు గుమిగూడాయి.

"చూడండర్రా! బుట్టలో కందిరీగలు పెట్టి నన్ను చంపబోయింది!"

"ఆ బుట్ట నా తమ్ముడిది. నువ్వెందుకు విప్పావు?"

కనకయ్య ఉబ్బిన మూతి పట్టుకుని వెనక్కి జరిగాడు. లోపల్నుంచి గురవయ్య బయటికొచ్చాడు.

"లడ్డూలు తిన్నందుకు కాదురా. ఆకలని అడిగితే బుట్టెడు నీకూ పెట్టేవాణ్ణి. మా అక్క నోట్లో లేని మాట పెట్టావే, దానికి!"

ఒక్క చరుపు చరిచాడు. కనకయ్య దొర్లుకుంటూ వాలు దిగి పారిపోయాడు. మళ్ళీ ఆ రెండు కొండల్లో కనిపించలేదు.

కానీ గురవయ్య కోపం అంతటితో చల్లారలేదు. "వాడు చెప్పగానే నమ్మేశానే!" అని తన మీద తనే మండిపడుతూ కూర్చున్నాడు. గంగులమ్మ ముల్లు తీయడానికి వాడి కాలు ఒళ్ళోకి లాక్కుంది. "నేను మాత్రం నమ్మలేదా? కదలకు" అని కసిరింది.

నీతి: అయినవాళ్ళ మీద కోపమొస్తే, కబురు మోసుకొచ్చినవాడి మాట పక్కనపెట్టి ముందు వాళ్ళనే అడగాలి.