కులపతిగారి పలుపుతాడు

మబ్బులు కిటికీల్లోంచి వచ్చి తాటాకు గ్రంథాల మీద కునుకు తీసేంత ఎత్తైన కొండ మీద ఒక విద్యాపీఠం ఉండేది. నచ్చిన గ్రంథం చదువుకోనివ్వమని విద్యార్థులు గొడవ చేస్తే, కులపతిగారు పెరట్లో పలుపుతాడొకటి గుండ్రంగా పరిపించి చాటించారు.

“మాట్లాడే స్వేచ్ఛంతా ఈ తాడు లోపలే! బయట నా అనుమతి లేకుండా నోరు విప్పితే, ఎవరైనా సరే, పీఠం వదిలిపోవాల్సిందే!”

అందులో కోడిపెట్ట కూడా రెక్కలు ముడుచుకుంటే గాని తిరగలేదు. విద్యార్థుల్లో బుట్టలల్లే ఇంటి పిల్ల నాంచారి వెళ్లి తాడు లోపల నిలబడింది. గెంటేస్తే చదువు పోతుందని తెలిసినా, “మా చదువు మా ఇష్టం!” అంది.

“నోర్ముయ్యవే!” కులపతి అరుపుకి ఏడు కొండల అవతల పిట్టలు లేచాయి.

“నేను లోపలున్నా స్వామీ. బయట నోరు విప్పింది తమరే. అనుమతేదీ?”

“నాకు నేనే ఇచ్చుకుంటా!”

“ఇవ్వడానికైనా ముందు నోరు విప్పాలిగా?”

విద్యార్థులంతా కిక్కురుమనకుండా పక్కకు జరిగి, ఆయనకు సింహద్వారం వైపు దారి ఇచ్చారు. కులపతి ఒక్క గెంతులో తాడు లోపలికి దూకారు.

“తాడు పెంచండర్రా!”

“ఎంతవరకు స్వామీ?” అంది నాంచారి, ఆయన బొజ్జ పక్కన నలుగుతూ.

“నేను నోరు విప్పే చోటల్లా పట్టేంత!”

పేని పేని ఆ తాడు కొండంతా చుట్టేసరికి మూడు వసంతాలు గడిచాయి. అన్నాళ్లూ కులపతి ఆ ఇరుకులోనే నిలబడి, నాంచారి చెప్పేదంతా వింటూనే ఉన్నారట.