ముద్ర పడిన తక్కెడ

"వ్యాపారికి అధికారం తోడైతే తప్పేమిటి స్వామీ?" అని గవరయ్య శెట్టి అడిగాడు. అడిగిన తీరులో కాస్త పొగరు లేకపోలేదు. పసుపు సంతలో అతని తక్కెడ ముప్పై ఏళ్లుగా మాట పడనిది. ఈమధ్య దివానుగారి కొత్త మేడకు టేకు దూలాలు పంపి, ఆ తక్కెడకు సంస్థానం ముద్ర వేయించుకున్నాడు. ఇకపై సంతంతా దానిమీదే తూగాలి, దాన్ని శంకించకూడదు అని హుకుం కూడా వచ్చింది.

గురువు పూర్ణయోగి వాదం పెట్టుకునే మనిషి కాడు. "రేపు సంతకు వస్తాను" అన్నాడంతే.

ఆ సంతలో ఒక ఆనవాయితీ ఉంది. రైతు కోరితే సరుకున్న తట్టలోకి రాళ్లు, రాళ్లున్న తట్టలోకి సరుకు మార్చి రెండోసారి తూచాలి. దొంగ తక్కెడ అక్కడే దొరికిపోతుంది. మర్నాడు నూకాలమ్మ అనే ముసలి రైతు తన బస్తా తూగగానే, "మార్చి తూచు నాయనా" అంది. గుమాస్తా ముద్ర చూపించాడు.

"దివానుగారు నా చేలో కలుపు తీశాడా? మార్చి తూచు."

"కుదరదు. హుకుం."

"అయితే అమ్మను" అని ఆవిడ బస్తా దింపించి దానిమీదే కూర్చుంది. వెనకున్న రైతులూ ఒక్కొక్కరే తమ బస్తాలమీద చతికిలబడ్డారు. వాళ్ల పక్కనే పూర్ణయోగీ కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చినా ఒక్క పసుపు కొమ్ము అమ్ముడుపోలేదు.

గద్దె మీంచి ఇదంతా చూస్తున్న శెట్టికి ఒళ్లు మండిపోయింది. తన తక్కెడలో వీసమెత్తు తేడా లేదు! తేడా ఉంటే కదా భయం! ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. భయం లేనివాడు మార్చి తూచడానికి ఎందుకు జంకుతున్నట్టు? నిన్నమొన్నటిదాకా ఎవరడిగినా నవ్వుతూ మార్చి తూచాడే! సిగ్గుతో చచ్చినంత పనైంది.

లేచి, గుమాస్తాను పక్కకు నెట్టి, నూకాలమ్మను లేవమని, ఆవిడ బస్తా అటూ రాళ్లు ఇటూ తనే మార్చాడు. ముల్లు నిటారుగా నిలిచింది. తర్వాత సుత్తి అందుకుని తక్కెడ మీది ముద్ర ఊడగొట్టాడు. "ఇప్పుడు తూకం రాసుకో" అంది నూకాలమ్మ.

"దివానుగారు ఊరుకుంటారా! పిలిపించి ముద్ర ఏదంటే ఏం చెబుతారండీ?" అని గుమాస్తా లబలబలాడాడు. శెట్టి గురువు వైపు చూశాడు.

పూర్ణయోగి బస్తా మీంచి లేవకుండానే అన్నాడు. "ఆయన్నే సంతకు రమ్మను. వీళ్లు అటోసారి, ఇటోసారి తూస్తారు."