నిండుకుండమ్మ గుడిలోని సిగ్గు గడప

నిండుకుండ గ్రామంలో బస్సు దిగి చింతతోపు దాటిన యాత్రికులకు ఎర్రమట్టి మెట్ట మీద నిండుకుండమ్మ గుడి కనిపిస్తుంది. దానికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ద్వారం భుజాల ఎత్తుకు మించి ఉండదు గనుక ఎంతటివారైనా తల వంచి లోపలికి వెళ్లవలసిందే. గర్భాలయంలో అంచు దాకా నీళ్లు నింపిన రాతి కుండ ఉంటుంది. దాని ప్రక్కన, కొంగు నుదుటి మీదికి లాక్కుని, తల దించుకుని కూర్చున్న ఒక స్త్రీమూర్తి ఉంటుంది. కుండ అమ్మవారు. ప్రక్కనున్నది అమ్మవారి మహిమను మొదట చూసిన పేరిందేవమ్మ.

ఇక్కడ అప్పుడే వండినది నైవేద్యానికి పనికిరాదు. రాత్రి మిగిలిన అన్నాన్ని తరవాణి కుండలో, అనగా పులిసిన గంజినీళ్ల కుండలో నానబెట్టి, తెల్లవారి మజ్జిగ, ఉప్పు కలిపి అమ్మవారికి పెడతారు. మరొక నియమం కూడా ఉంది. మన ఇళ్లలో బియ్యమో ఉప్పో అయిపోతే ఆ మాట అనరు. లేమిని నోటితో పలకకూడదని “నిండుకుంది” అంటారు. ఈ ఊరిలో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. ఉంటే ఉందంటారు, లేకపోతే అయిపోయిందంటారు. ఊరి పేరు నిండు కుండ వల్ల వచ్చిందని క్రొత్తవారు అనుకుంటారు గాని, అది ఆ ఒక్క మాట వల్ల వచ్చినది.

పూర్వం ఇక్కడ మెట్ట పంటల పల్లె ఒకటి ఉండేది. అందులో పెద్దిల్లు అనదగినది ఒక్కటే. ఆ ఇంటికి కోడలిగా వచ్చినది పేరిందేవమ్మ. ఆమె పుట్టింట రెండు పూటలా పొయ్యి వెలిగించే స్థితి లేదు. తల్లి రాత్రి మెతుకులను తరవాణిలో వేసి, తెల్లవారి పిల్లల దోసిళ్లలో పెట్టేది. కాపురానికి వచ్చిన మరునాటి ఉదయం పేరిందేవమ్మ అలవాటు కొద్దీ, “అత్తయ్యా, చద్ది ఎక్కడుంది?” అని అడిగింది. బంతిలో కూర్చున్న ఆడపడుచులందరూ వినేలా అత్తగారు నవ్వి, “చద్దికూటి కడుపే మన కోడలిది! వేడన్నం సయిస్తుందో లేదో, కొంచెం కొంచెంగా వడ్డించండర్రా” అన్నది. ఆనాడు పేరిందేవమ్మ విస్తరిలోని అన్నం తిన్నదో, కన్నీళ్లు మింగిందో ఆమెకే తెలియదు.

ఆ నవ్వు ఆమె చెవిలో ఇల్లు కట్టుకున్నది. ఏళ్లు గడిచి ఇంటి పెత్తనం చేతికి వచ్చిన రోజున ఆమె చేసిన మొదటి పని పొయ్యి మూలనున్న తరవాణి కుండను పెరట్లో పగులగొట్టడం. ఆ తరువాత ఆ ఇంట చద్ది అన్న మాట వినబడలేదు. ఎక్కడ తక్కువ పడుతుందోనని పూటపూటా రెండు తవ్వల బియ్యం అదనంగా ఎసట్లో పోసేది. మిగిలినదాన్ని పనివారికి ఇస్తే “పెద్దింట్లో చద్ది మిగులుతుంది” అంటారని, ఎవరి చేతికీ ఇవ్వక, ఆకు కప్పిన గంపలో తానే మోసుకుపోయి గడ్డివాము వెనుక గోతిలో పారబోసేది.

రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. ఊరిలో చోళ్లు, అనగా రాగులు, అయిపోయి, చింతగింజలు ఉడకబెట్టుకుని తినే రోజులు వచ్చాయి. పెద్దింటి గాదెలో గింజ ఉన్నది గనుక పేరిందేవమ్మ ఎసరు తగ్గలేదు, గోతి దారి మారలేదు.

ఒక ఉదయం ఆమె గంపతో పెరటి గుమ్మం దాటుతుండగా సన్నెమ్మ ఎదురైంది. ఆ ఇంట వడ్లు దంచే మనిషి ఆమె. దంచిన బియ్యం నిలవ ఉన్నదని ఆమెను పనికి పిలవక నెల దాటింది.

“అమ్మగారూ, మా ఆయన జొరం పడి లేచాడండి. పథ్యానికి గుప్పెడు మెతుకులు... రాత్రిదైనా పరవాలేదు” అన్నది సన్నెమ్మ.

పేరిందేవమ్మ చేతిలో గంప ఉన్నది. గంపలో అన్నం ఉన్నది. రాత్రిది అన్న మాట వినగానే ఆమెకు చెవిలోని నవ్వు మళ్లీ వినిపించింది.

“రాత్రిదా? మా ఇంట రాత్రిది ఎందుకుంటుంది? నిండుకుందే, సన్నీ” అన్నది.

సన్నెమ్మ గంప వంక చూసింది. ఆకు అంచున ఒక తెల్లని మెతుకు అంటుకుని ఉన్నది. ఆమె దాన్ని చూడడం పేరిందేవమ్మ గమనించింది. సన్నెమ్మ ఎత్తిపొడవలేదు, శపించలేదు. “మీ నోట నిండుకుందన్న మాట వచ్చింది. అలాగే నిండుకోనీండమ్మా” అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆమె రూపంలో అమ్మవారే వచ్చిందని కొందరంటారు. కాదు, వచ్చినది సన్నెమ్మేనని, ఆకలిగొన్న మనిషి మాటకు ఆ బలం ఉంటుందని మరికొందరంటారు.

ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిన్న తరువాత చూస్తే అన్నపు కుండ అంచు దాకా నిండి ఉన్నది. భర్త సంబరపడి, “ఏమే, మన వంటింట్లో అక్షయపాత్ర వెలసిందే! ఇక గాదెకు తాళం వేసుకో” అన్నాడు. ఆమె కుండను గోతిలో బోర్లించి వచ్చింది. వచ్చేసరికి కుండ మళ్లీ నిండుగా ఉన్నది. సాయంత్రానికి గొయ్యి పూడింది. మరునాటికి పొంగి గడ్డివాము చుట్టూ పరుచుకున్నది. కాకులు వాలలేదు, గేదెలు ముట్టె తిప్పుకున్నాయి. మూడవనాటికి పులిసి పాచిన అన్నం వాసన గాలి పట్టి ఊరంతటా పాకింది.

చింతగింజలు తింటున్న ఇళ్లలోకి అన్నం కుళ్లిన వాసన వెళ్లింది. అది ఏ ఇంటిదో ఎవరికీ చెప్పనక్కరలేదు. పేరిందేవమ్మ వీధిలోకి రాగానే అరుగుల మీది ఆడవారు మాటలాపి ముఖం ప్రక్కకు తిప్పుకున్నారు. అసహ్యంతో కాదు, ఆమె సిగ్గుపడడం తాము చూడకూడదని. తిట్టి ఉంటే ఆమె తట్టుకోగలిగేది. ఆ మర్యాదను తట్టుకోలేక ఇంటికి వచ్చి తలుపు మూసుకుని, వంటింటి నేల మీదనే ఒరిగింది.

ఆ పగటి కునుకులో కల వచ్చింది. ఏనాడో పోయిన ఆమె తల్లి ఆ గోతిలో నడుము లోతు అన్నంలో నిలబడి, ఒక్కొక్క మెతుకే ఏరి ఒడిలో వేసుకుంటున్నది. “ఎందుకమ్మా, అది పాడైపోయింది” అన్నది పేరిందేవమ్మ. “నీ దోసిట్లో పెట్టినవేనే ఇవి. నేను తినకుండా నీకు దాచిన మెతుకులు నేను గుర్తుపట్టనా?” అన్నది తల్లి. ఏరుతూనే, తల ఎత్తకుండానే, “నిండుకుందన్న నోటితోనే ఉందని చెప్పిరా, అమ్మాయీ” అన్నది.

మెలకువ వచ్చిన పేరిందేవమ్మ ఎండలోనే, చెప్పులైనా లేకుండా, సన్నెమ్మ గుడిసెకు నడిచింది. వాకిటికి అడ్డంగా ముళ్లకంప పెట్టి ఉన్నది. పొయ్యి మీద చట్టి బోర్లించి ఉన్నది.

ప్రక్క గుడిసెలోని కుమ్మరి గవరమ్మ బయటికి వచ్చింది. “నిన్న పొద్దున్నే వెళ్లిపోయారమ్మా, తూరుపు దేశం పనులకు. మొగుణ్ణి భుజమ్మీద చెయ్యేయించుకుని నడిపించుకెళ్లింది.”

“ఏ ఊరికి?”

“ఊరు తెలిస్తే వలసెందుకంటారు?”

పేరిందేవమ్మ ఆ ముళ్లకంప ముందు నిలబడి “ఉంది, సన్నీ” అన్నది. వినవలసిన మనిషి లేదు. అప్పుడామె గవరమ్మ వైపు తిరిగి, “నాకొక తరవాణి కుండ కావాలి. తోడు వేయడానికి మీ ఇంటి తరవాణి ఒక ముంతెడు పెట్టు. మా ఇంట లేదు. నేనే పగులగొట్టాను” అన్నది. ఊరి పెద్దిల్లు కుమ్మరి గుడిసె ముందు కొంగు పట్టింది.

ఆ తరువాత గడపగడపకూ వెళ్లి ఒకే మాట చెప్పింది: “మా ఇంట రాత్రి అన్నం ఉంది. రేపు పొద్దున రండి.” ఒక ముసలాయన నులకమంచం మీదనుంచి లేవకుండానే, “నిండుకుందని విన్నామే, తల్లీ?” అన్నాడు. “అబద్ధమాడాను, తాతా. ఉంది” అన్నది ఆమె.

ఆ రాత్రి అన్నపు కుండలోనిది క్రొత్త తరవాణి కుండలో వేసి నానబెట్టింది. మరునాడు ఊరంతా వచ్చింది. పేరిందేవమ్మ మోచేతుల దాకా తడుపుకుని చద్దిలో మజ్జిగ కలిపి, నంజుకోవడానికి ఉల్లిపాయతో దొప్పలలో పెట్టింది. తీసినకొద్దీ కుండ నిండుతూనే ఉన్నది. ఆఖరి బిడ్డ దొప్ప నాకి లేచిన తరువాత మాత్రం నిండలేదు. అడుగున మిగిలిన పిడికెడు మెతుకులను, కాపురానికి వచ్చిన మరునాడు తాను అడిగిన ఆ చద్దిని, ఆమె అందరి ఎదుటా కూర్చుని తిన్నది. కుండ అడుగు కనిపించింది. “అయిపోయింది” అన్నది. అంటూ ఏడ్చింది.

గోతిలోని అన్నం మన్నుగా మారి, వానలు వచ్చిన ఏట ఎరువుగా పొలాలకెక్కింది. పేరిందేవమ్మ ఎసట్లో అదనపు తవ్వలు మానివేసింది. బ్రతికినన్నాళ్లూ ప్రతి ఉదయం చద్ది ముంతతో తూర్పు దారిలోని ఈ మెట్ట మీదికి వచ్చి కూర్చునేది. వచ్చేపోయే బాటసారులకు పెట్టేది గాని కళ్లు దారి మీదనే ఉండేవి. సన్నెమ్మ తిరిగి రాలేదు. కొన్ని తరాల తరువాత మేకల కాపరి ఒకడు పొదలు నరుకుతూ ఇక్కడ రాతి కుండను, తల వంచిన మూర్తిని చూశాడు. నడివేసవి అయినా కుండలో నీరున్నదట, అది అమ్మవారేనని గుడి కట్టారు. మూర్తి తలను నిలబెట్టి చెక్కించాలని పెద్దలు రెండుసార్లు శిల్పిని పిలిపించారు. రెండుసార్లూ ఉలి జారింది. అలాగే ఉండనిచ్చారు.

నేటికీ యాత్రికులు లోపలికి వెళ్లేముందు ఆ పొట్టి ద్వారపు గడప మీద నిలిచి, ఆ వారం తమ ఇంట పారవేసినది ఏమిటో పైకి చెప్పుకుంటారు. దాన్నే సిగ్గు గడప అంటారు. ఆడవారే కాదు, విస్తరిలో వదిలి లేచిన మగవారూ చెప్పుకోవలసిందే. భక్తులు తెచ్చిన అన్నంలో చద్దికి పోను మిగిలినదాన్ని పచ్చిమిరప, జీలకర్రతో రుబ్బి, గుడి చప్టా మీద వడియాలు పెడతారు. ప్రసాదంగా ఇచ్చేది అవే. క్రొత్తగా కాపురం పెట్టినవారు ఇక్కడి తరవాణి ఒక ముంతెడు తోడుకు తీసుకువెళితే, ఆ ఇంట వండినది చాలుతుందని, మిగిలినది వృథా పోదని నమ్మకం.

ప్రతి ఉదయం అందరికంటె ముందు గడప ప్రక్కన ఒక దొప్ప పెడతారు. దాన్ని సన్నెమ్మ వంతు అంటారు. పూజారిణి తూర్పు దారి వైపు తిరిగి, చేయి నోటి ప్రక్కన పెట్టుకుని, మూడుసార్లు పిలుస్తుంది. ఆ సమయానికి దారిన వచ్చే మొదటి మనిషి ఎవరైనా, ఏ ఊరివారైనా, ఆ దొప్ప వారిదే. యాత్రికులు ఆ పిలుపు వినబడినప్పుడు ఎక్కడివారక్కడ ఆగి తల వంచుతారు.

“ఉంది, రావమ్మా సన్నెమ్మా. ఉంది.”