చింతగింజల చదువు

రేవు దాటించే ఓబయ్య పడవను కోట దళవాయి లాగేసుకున్నాడు. "పేకాటలో నన్ను గెలిచి పట్టుకుపో" అన్నాడు. పేకలో ఆయన్ని గెలిచినవాడు లేడు. ముక్కలు ఎలా ఉన్నా పందెం పెంచేస్తాడు. అవతలివాడు హడలిపోయి ముక్కలు పడేస్తాడు.

"నాకు ఆట రాదు దొరా. ముందు చింతగింజలతో నేర్పండి" అని బతిమాలాడు ఓబయ్య.

దళవాయికి సరదా వేసింది. దొర ఎంత పెంచినా ఓబయ్య పడేయలేదు. ప్రతిసారీ దొర ముక్కలు తిప్పించి చూశాడు, సంచెడు గింజలూ పోగొట్టుకున్నాడు.

"ఇలా ఆడితే గోచీ కూడా మిగలదురా!" అని నవ్వాడు దళవాయి.

ఇక పడవ పందెం. దళవాయి ముక్కలు చూసుకుని మీసం దువ్వాడు. "నీ ఇల్లు కూడా ఒడ్డు! లేదంటే పడేసి పో!"

"ఒడ్డాను దొరా."

ముక్కలు తిప్పితే దళవాయివన్నీ చిన్నవే.

"అంత ధైర్యం ఎక్కడిదిరా నీకు?"

"గింజలు పోసి కొనుక్కున్నాను దొరా. ముక్కలు బాగాలేనప్పుడే తమరు మీసం దువ్వుతారు."

దళవాయి పకపకా నవ్వి పడవ ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం ఓబయ్య పడవెక్కిన మొదటి మనిషి అవతలి ఒడ్డు మంగలి. ఉన్నపళంగా రమ్మని కోట నుంచి కబురొచ్చిందట.