ఎర్రబడిన వాగు

న్యాయశాస్త్రం చెప్పే కేశవాచార్యులు గారు సందేహాలకు సూటిగా జవాబివ్వరు. ఒకనాడు శిష్యుడు భార్గవ అడిగాడు: "అప్పగించిన సరుకు దారిలో వరదపాలైతే, బాధ్యత తీసుకెళ్లినవాడిదేనా గురువుగారూ?" ఆచార్యులు తన ఎరుకలో జరిగిన ఒక సంగతి చెప్పారు.

పారమ్మ అనే రైతుకు ఆ ఏడు నారుమడి కుళ్లిపోయింది. అదను దాటకముందే మళ్లీ చల్లుకోమని ఆమె తమ్ముడు విత్తనాల బస్తాలు పంపాడు. ట్రాలీ ఆటో నడిపే గౌరునాయుడు వాటిని చేరుస్తానని మాట ఇచ్చి బయలుదేరాడు.

దారిలో వాగు. అందరూ అందులోంచే దాటుతారు. ఆ పూట నీళ్లు ఎర్రబడి ఉన్నాయి, చెత్తా పుల్లలూ తేలుతున్నాయి. ఎగువన వాన పడింది, వరద రాబోతోందన్నమాట. గౌరునాయుడు చూశాడు. ఆగితే ఇంకో కిరాయి పోతుంది. బండితో వాగులోకి దిగాడు. నడుమ ఇంజిను ఆగిపోయింది, వరద ఒక్కసారిగా వచ్చి పడింది. అతడు ఈది ఒడ్డెక్కేసరికి బస్తాలు కొట్టుకుపోయాయి.

తడిబట్టలతో నడుస్తూ దారిపొడవునా మాటలు కూడబలుక్కున్నాడు. వరద వచ్చింది, నేనేం చేయను? అందులో అబద్ధం లేదు. అయినా ఊరు దగ్గరయ్యేకొద్దీ నడక నెమ్మదించింది.

పారమ్మ ఇంటికి చేరి ఆ మాటే చెప్పాడు. వినగానే ఆమె ముఖం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, దెబ్బలేం తగల్లేదు కదా అని అడిగి, పొడి తువ్వాలు ఇచ్చింది. అక్కడ చేరిన పెద్దలు, వరదకు ఎవరేం చేస్తారు, నీ తప్పేం లేదు, ఇంటికి పొమ్మన్నారు.

గౌరునాయుడు వీధి మలుపు దాకా వెళ్లాడు. ఆపైన అడుగు పడలేదు. వెనక్కి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, నీళ్లు ఎర్రబడటం చూసే దిగాను," అన్నాడు.

పారమ్మ, "మరి నా మడికి విత్తనం ఏది నాయనా?" అంది.

అతడు ఇంట్లో ఉన్న విత్తనమంతా తెచ్చాడు. చుట్టాలను అడిగి మరికొంత తెచ్చాడు. సగం పొలానికే సరిపోయింది. మిగతా సగం ఆ ఏడు బీడు పడింది. పారమ్మ మళ్లీ అతడి బండిని పిలవలేదు.

భార్గవ, "నోరు విప్పకపోతే ఏ పంచాయతీ అతణ్ణి పట్టుకునేది కాదు కదండీ?" అన్నాడు.

"అవును," అన్నారు ఆచార్యులు. "పంచాయతీ పట్టుకునేది కాదు."